బాధితుని బాకీ

(స్మారకోపన్యాస పాఠము)



ఎవరి స్మృతికై మనమందరము నేడిచట సమావేశమైతిమో ఆ పెద్దలు సెషన్సు కోర్టులలో ముద్దాయిల పక్షమున వాదించిన కాలమందు, హత్యాభియోగముపై తమ యొద్దకు వచ్చిన ప్రతి కక్షిదారుని గూర్చియు, నేరము జరిగిన నాటి సంగతులను విచారించుటకు ముందే, "ఈతడు లోగడ ఫిర్యాదిగా నెప్పుడైన కోర్టు మెట్లెక్కినాడా?" యని గుమాస్తా నడుగు నలవాటు కలవారు. ఆ ప్రశ్న క్రొత్తవారికి వింతగా తోచుచుండెను. ముద్దాయిని, ఫిర్యాదిని వేఱువేఱు జాతులవారినిగా నెంచుటయే మన న్యాయస్థానముల యలవాటు గదా! ఒకని బోనులో నిలుపుదుము. ఒకనిచే ప్రమాణము చేయించి సాక్ష్యము పుచ్చుకొందుము. ఆ నిలుచున్నవాడు మూడేండ్ల క్రిందట ప్రమాణము చేసినవాడే యైనను, ఆ సంగతి యీ కేసు కాగితములలో నెక్కదు. నిన్న దెబ్బ తిన్నవాడు నేడు కొట్టినవాడగుట యెట్లు సంభవించుచున్నది? దెబ్బ తిన్నవారందఱును కొట్టువారు కాకుండుట యెట్లు? ఈ రెండు ప్రశ్నలలో రెండవది మొదటిదానికంటె కష్టమైనదనియు, దానికి సమాధానము వ్యక్తి హృదయమునందుకంటె వాని చుట్టు నున్న సంఘమునందే వెదకవలసియున్నదనియు నా యభిప్రాయము. నేటి ప్రసంగమునకు విషయ మిదియే.

ఈ విచారణ శాస్త్రరూపము దాల్చి యింకను నూరేండ్లు కాలేదు. జర్మనీనుండి అమెరికాకు వలసపోయిన హాన్స్ ఫాన్ హెంటిగ్ అను న్యాయశాస్త్రవేత్త, నేరస్థుని, వానిచే నష్టపడినవానిని విడదీయక జంటగా పరిశీలింపవలెనని ప్రతిపాదించుచు 1948లో నొక గ్రంథము వెలువరించెను. పిమ్మట మార్విన్ వుల్ఫ్‌గాంగ్ అను పండితుడు ఫిలడెల్ఫియా నగరమున 1948 మొదలు 1952 వఱకు జరిగిన 588 హత్యలకు సంబంధించిన పోలీసు రికార్డులను శోధించి, వానిలో 150 హత్యలయందు, అనగా నాల్గవవంతునకు మించి, మొదట చేయి చేసికొన్నవాడు చనిపోయినవాడే యని 1958లో వెల్లడించెను. హతుడు, హంతకుడు అను పదములు ఘటన ముగిసిన తరువాత మనము పెట్టిన పేర్లేగాని, ఘటనకు పూర్వము దైవము వారి నుదుట వ్రాసినవి కావని దీనివలన తేలినది.

క్యాథీ విడమ్ అను విదుషి చేసిన పరిశోధన యింతకంటె ప్రసిద్ధము. 1967కును 1971కిని నడుమ, పెద్దలచేత హింసకో నిరాదరణకో గుఱియైనట్లు న్యాయస్థానములలో నిర్ధారణయైన 908 మంది పిల్లలను, వయస్సునందును లింగమునందును కుటుంబస్థితియందును వారిని బోలిన వేఱొక 667 మందిని తీసికొని, ఆ యుభయవర్గముల తరువాతి జీవితము నామె వెన్నంటి చూచెను. బాల్యమున హింసపడినవారిలో నూటికి 26 మంది మైనారిటీ తీరకమునుపే యేదో నేరముపై అరెస్టయిరి. రెండవ వర్గమున నూటికి 17 మంది. ఈ వ్యత్యాసము చిన్నది కాదు. కాని దీనిని ఉదాహరించు ఉపన్యాసకులందఱును ఇరువదియాఱు, పదునేడు అను రెండంకెలను వల్లించి వేదిక దిగిపోదురేగాని, తక్కిన డెబ్బదినలుగురి మాట యెత్తరు. అవే చీకటి యిండ్లలో, అవే దెబ్బలు తిని, నూటికి డెబ్బదినలుగురు పోలీసుల కంటబడకుండ పెరిగి పెద్దవారైరి. వారి నాపినదేమి? హింసింపబడిన బిడ్డ హింసకుడగునను సిద్ధాంతము దయతో పలుకబడినను, ఆ డెబ్బదినలుగురికి చేయు నపచారము తక్కువది కాదు.

అమెరికా నగరములలోని పేదవాడలను పరిశీలించినవారు దీనికి కొంత సమాధానము చెప్పియున్నారు. ఎలైజా ఆండర్సన్ అను సమాజశాస్త్రజ్ఞుడు ఫిలడెల్ఫియాలోని జెర్మన్‌టౌన్ అవెన్యూ వెంట నివసించు జనుల జీవనమును బహుకాలము గమనించి, 1999లో ప్రకటించిన గ్రంథమున, పోలీసులపై నమ్మకము లేని చోట యువకులు తమలో తాము పాటించుకొను వీధిధర్మ మొకటి యుండునని వర్ణించెను. ఆ ధర్మము ప్రకారము అవమానమునకు బదులు చెప్పనివాడు మరునాటికి అందఱికిని లోకువ యగును. కనుక బదులు చెప్పుట కోపముచేతనే కానక్కఱలేదు, ముందుజాగ్రత్తచేతనైనను కావచ్చును. 2012లో మార్క్ బెర్గ్, ఎరిక్ స్టూవర్ట్ మొదలైనవారు ఈ యూహనే లెక్కలతో పరీక్షించి, దెబ్బ తినుటకును దెబ్బ కొట్టుటకును గల బంధము అన్ని పేటలలో నొకే తీరుగా లేదనియు, వీధిధర్మము ప్రబలిన పేటలలో గట్టిగాను, అది పలుచబడిన పేటలలో బలహీనముగాను ఉన్నదనియు కనుగొనిరి. గాయము రెండు పేటలలో నొకటియే. ఆ గాయముతో ఇంటికి వచ్చినవానిని వాకిట నిలిచి చూచు కన్నులు మాత్రము వేఱు.

పేదఱికమే దీనికి మూలమని కొందఱనవచ్చును. మిషిగన్ విశ్వవిద్యాలయమున రిచర్డ్ నిస్బెట్, డోవ్ కోహెన్ అను మనశ్శాస్త్రజ్ఞులు చేసిన ప్రయోగము ఆ వాదమునకు అడ్డు నిలుచుచున్నది. ఇఱుకైన వసారాలో నడచిపోవుచున్న విద్యార్థిని ఒకడు కావలెనని భుజముతో తాకి, పైగా నొక తిట్టు తిట్టి పోవును. ఉత్తరరాష్ట్రములలో పెరిగిన విద్యార్థులు చాలవఱకు దానిని వేడుకగా తీసికొనగా, దక్షిణరాష్ట్రములవారికి కోపము వచ్చుటయేగాక, ఆందోళనను, పోరాటసన్నాహమును సూచించు హార్మోనులు వారి దేహములలో హెచ్చినవి. వీరందఱును చదువుకొన్నవారు, చాలవఱకు కలిగినయిండ్లవారు. ఆ దక్షిణదేశమునకు పూర్వము వలసవచ్చినవారిలో స్కాట్లండు, ఐర్లండు ప్రాంతముల పశుపాలకులు హెచ్చుగా నుండుటయే దీనికి కారణమని ఆ పండితులు 1996లో వ్రాసిన గ్రంథమున నూహించిరి. రైతు భూమి నెవడును రాత్రికి రాత్రి తోలుకొనిపోలేడు. మందగలవాని సొత్తు నాలుగుకాళ్లపై నడచిపోగలదు. ఠాణా దూరమై, సొత్తు చలించునదైనపుడు, వీనితో పెట్టుకొన్నచో ప్రాణాపాయమను పేరే వానికి కావలియగును. ఆ మందలు పోయి, మేతబీళ్లు పోయి, మనుమలు ఆఫీసులలో పనిచేయు కాలము వచ్చినను ఆ పేరు కాపాడుకొను నలవాటు మాత్రము పోలేదు. అవసరము గతించిన తరువాతను ఆచారము బ్రదుకును. సంస్కృతి యను మాటకు నాకు తెలిసిన లక్షణములలో నిది యొకటి.

ఇక నేను ముఖ్యముగా చెప్పదలచిన దృష్టాంతమునకు వచ్చుచున్నాను.

ఆల్బేనియా దేశపు ఉత్తరభాగమందలి కొండలలో, పదునైదవ శతాబ్దమునకు చెందిన లెకె దుకాగ్యిని యను నాయకుని పేరిట నోటిమాటగా తరతరములు నడచివచ్చిన ఆచారధర్మశాస్త్ర మొకటి కలదు. దానిని వారు కానూను అందురు. ష్ట్యెఫెన్ గ్యెచోవి యను క్రైస్తవసన్న్యాసి కొండగ్రామములు తిరిగి, పెద్దల నోట విని దానిని సేకరించెను. 1929లో ఆయన హత్య చేయబడగా, గ్రంథము 1933లో ష్కోదర్ పట్టణమున 1262 సూత్రములతో అచ్చయినది. వివాహము, పొలిమేరలు, అతిథిమర్యాద, ప్రమాణము మొదలగు సర్వవిషయములతోపాటు హత్యకును అందు విధి యున్నది. చంపినవాడు శవమును వెల్లకిల త్రిప్పి, ఆయుధమును తలదాపున నుంచి, తానే చంపినట్లు హతుని యింటికి కబురు పంపవలెను. హతుని బంధువులు వానికి ఇరువదినాలుగు గంటల యభయమీయవచ్చును. 'బేసా' యను ఆ యభయకాలమున చంపినవాడు తాను చంపినవాని యంత్యక్రియలకు పోయి, ఆ యింటి భోజనము చేసి రావలెను. పిమ్మట ఊరు మధ్యవర్తియై ముప్పదిదినముల గడువు నిప్పించును. ఆ గడువు దాటినచో వాడు కనబడినచోట చావవలసినదే. అందుచేతనే ఆ ప్రాంతమున సన్నని కంతలే కిటికీలుగాగల ఱాతిబురుజుల యిండ్లు వెలసినవి. పగలో నున్న మగవారు వానిలో నెలలు, సంవత్సరములు గడుపుచుండిరి.

ఈ శాస్త్రమును పఠించువారు హంతకునికి విధించిన మర్యాదలు చూచి యాశ్చర్యపడుదురు. నన్ను నిలిపివేసినది వేఱొక ఘట్టము. కానూను భాషలో చంపినవాడు రక్తమును బాకీపడినవాడు; చనిపోయినవాని సోదరుడో కొడుకో ఆ రక్తమునకు సొంతదారు. లెక్కప్రకారము దుఃఖితుడే యప్పు వసూలుచేసికొనవలసిన ధనికుడన్నమాట. కాని యాచరణలో నేమి జరుగుచుండెను? పగ తీర్చుకొనక ఆలసించినవానికి విందులో కాఫీగిన్నెను చేతికీయక మోకాలి క్రిందుగా అందించుచుండిరి. పదిమంది నడుమ ఆ గిన్నె నందుకొన్నవాడు మాటలేక త్రాగవలెను, లేదా తుపాకి తీసికొని బయటికి నడువవలెను. చచ్చినవాని రక్తసిక్తమైన చొక్కాను ఇంటిలో దాచి, పిల్లవాడు పెద్దవాడైన నాడు వానికి చూపుటయు నుండెను. 1908లో ఆ కొండలలో సంచరించి మరుసటియేట తన యాత్రాగ్రంథమును ప్రకటించిన ఎడిత్ డర్హామ్ అను ఆంగ్లవనిత, ఈ పగలలో కోపము కంటె విధ్యుక్తధర్మపాలనము హెచ్చుగా నున్నదని గ్రహించినది. తండ్రి పోయిన కుఱ్ఱవానికి చంపినవానిపై ద్వేషము లేకపోవచ్చును. ఆ రెండిండ్ల పిల్లలు కలిసి పెరిగియుండవచ్చును. అయినను ఊరు వానిని ఋణగ్రస్తునిగా చూచును. హంతకుడు పడిన బాకీ హతుని కొడుకు నెత్తిపైకి వచ్చుట యే న్యాయమని యడిగినవాడు లేడు. బాధితుడు నేరస్థుడగు మార్గమున మొదటి మెట్టు తుపాకి కాదు, ఆ గిన్నె.

ఇందొక ముఖ్యాంశమును విడువరాదు. పూర్వపు కానూను ప్రకారము రక్తపుబాకీ చంపినవానిది మాత్రమేయనియు, తరువాతి యాచారమున అది ఆ యింటి మగవారందఱికిని, ఊయలలోని పసివానికిని వ్యాపించినదనియు గ్యెచోవి సేకరించిన పాఠమునందే యున్నది. అనగా సనాతనమని చెప్పబడు ధర్మమునందే రెండు పొరలున్నవి, క్రొత్తదే క్రూరతరమైనది. నలువది యేండ్లకు మించి సాగిన కమ్యూనిస్టుపాలన పగలను బలముతో అణచివైచెను. ఆ పాలన కూలిన పిదప 1990 దశకమున పగలు తిరిగి లేచునప్పటికి, గడువులు నడిపించి సంధి కుదుర్పగల పెద్దలు కాలగతి చెందిరి, సూత్రములు మఱపునబడెను. మిగిలినది చంపవలెనను నొక్క విధి. ష్కోదర్ పరిసరములలో బడికి పోలేక ఇంటిలో బందీలైన బాలుర వద్దకు ఉపాధ్యాయులు పోయి పాఠములు చెప్పవలసివచ్చిన దుఃస్థితి యీ విధముగా నేర్పడినది.

ఆ కాలముననే, ఆ జాతివారే హెచ్చుగా నివసించు కొసొవో ప్రాంతమున, దీనికి పూర్తిగా విపరీతమైన కార్యము నడచినది. 1989లో సెర్బియా ప్రభుత్వము కొసొవోకు గల స్వయంపాలనాధికారమును రద్దుచేసెను. మరుసటి యేడు ఫిబ్రవరిలో పేయా పట్టణమున కొందఱు విద్యార్థులు, వారిలో రాజకీయఖైదు ననుభవించి వచ్చిన యువతులు సైతము, పగలో నున్న యిండ్లకు పోయి క్షమాభిక్ష నడుగ నారంభించిరి. జానపదవాఙ్మయమును పరిశోధించిన ఆంటన్ చెట్టా యను వృద్ధాచార్యుడు వారికి తోడయ్యెను. ఆయన జీవితమంతయు ఆ ప్రాంతమందలి కథలను, గేయములను సేకరించినవాడు; ఏ యింట నేమాట పనికివచ్చునో యెఱిగినవాడు. ఆయన కానూను అనాగరకమని యెవరికిని బోధింపలేదు. మన్నించుట పిఱికితనమని యెంచు జనులతో, చేయిజాపి వచ్చిన యతిథిని రిక్తహస్తములతో పంపుట పౌరుషమా యని వారి ధర్మమునుండియే యడిగెను. కొడుకును గోల్పోయిన తండ్రి సభామధ్యమున నిలిచి, తన రక్తమును యువతకును, ప్రజలకును, పతాకమునకును కానుకగా నిచ్చుచున్నానని పలికి, హంతకుని యింటివారి చేయి పట్టుకొనుచుండెను. 1990 మే 1వ తేదీన దెచాన్ సమీపమందలి వెర్రాత్ ఎ లూకెస్ అను మైదానమున లక్షల జనము సమక్షమున ఇట్టి మన్నింపులు వరుసగా జరిగినవి. ప్రభుత్వము బహిరంగసభలను నిషేధించిన పిదప ఈ సంధులు ఇండ్లలో సాగినవి. 1992 నాటికి పరిష్కారమైన పగలు సుమారు వేయి.

దీనిని నేను అద్భుతమని వర్ణింపబోను. పరాయిప్రభుత్వపు ఒత్తిడి లేనిచో అంతటి జనము కదలియుండెడివారు కారు. పదివేలమంది చూచుచుండగా కాదనలేక మన్నించిన తండ్రులును కొందఱుండవచ్చును. కొసొవోలో పగలు పూర్తిగా నశించినవనియు చెప్పరాదు. అయినను ఆ రెండేండ్లలో జరిగినదేమో స్పష్టము. కొడుకు పోయిన గాయము మాసిపోలేదు, హంతకుడు మాఱలేదు, ఇంటివారి దుఃఖము తగ్గలేదు. మాఱినది ఊరు వారిని చూచిన చూపు. నిన్న మన్నించినవానికి మోకాలి క్రింద గిన్నె నందించిన ఊరే, నేడు మన్నించినవానికి లేచి దారి యిచ్చెను. పగతీర్చుకొనుట ఎంత సహజమని మనము చెప్పుకొనుచున్నామో, అది అంత సహజము కాదనుటకు ఇంతకంటె నిదర్శనము కావలెనా?

మన వాఙ్మయమునందే ఒక్క స్త్రీ యీ రెండు ధర్మములకును నోరైనది. ఆయుధము విడిచిన తండ్రి ధృష్టద్యుమ్నుని చేతిలో మరణింపగా అశ్వత్థామ బాధితుడు. నిద్రించుచున్న ఉపపాండవులను వధించి ఘోరాపరాధి యయ్యెను. ఆ పిల్లల తల్లి ద్రౌపది, వ్యాసభారతపు సౌప్తికపర్వమున, అశ్వత్థామను చంపి వాని శిరోమణిని తెచ్చిననేగాని ప్రాయోపవేశము మాననని భర్తలతో పలికినది. భాగవతమున ఆ ద్రౌపదియే, కట్టి తెచ్చిన అశ్వత్థామను విడువుడనియు, తనవలె వాని తల్లి కృపి పుత్రశోకమున కుమిలిపోరాదనియు వేడుకొనుచున్నది. పోతనగారి తెలుగున ఈ ఘట్టమును చదివి కరగనివారుండరు. భీముడొప్పుకొనలేదు, అతడు మన ఊరివాడే. తుదకు తలగొఱిగి మణి పుచ్చుకొని వెడలగొట్టుటతో సంధి కుదిరినది. ప్రాణమునకు బదులు పరువు పుచ్చుకొను ఈ యుపాయము ఆల్బేనియా పెద్దలకు సులభముగా బోధపడును. ఏ సంస్కృతియందును పగ యొక్కటియే లేదు. పగను విప్పు మంత్రమును అందే యుండును. ఏది పఠింపవలెనను నిర్ణయము మాత్రము ఆయా కాలములవారిది.

ఇది వినుచున్న రాయలసీమమిత్రులు, మా యూరి మాట యెత్తవేమని మనసులో ననుకొనుచుందురు. ఎత్తుటకు సంకోచము లేదు. సీమలోని ఫ్యాక్షన్‌ను ఆల్బేనియాలోని పగలతో సమానమనుటకే సంకోచించుచున్నాను. 1800లో నిజాము కంపెనీకి వదలుకొన్న దత్తమండలములలో థామస్ మన్రో పాలెగాండ్ల బలగములను అణచిన నాటినుండి ఊరిపెత్తనమునకై సాగిన పోటీ, కాలక్రమమున ఎన్నికలు, సారాయి, కాంట్రాక్టులు, గనులు అను క్రొత్తరూపములు దాల్చినదనియు, దీనిని వట్టి పౌరుషగాథగా చూచుట పొరపాటనియు కె. బాలగోపాల్ వంటివారు విపులముగా వ్రాసియున్నారు. నాయకునికి లాభమున్నది, పగ వాని పెట్టుబడి. కాని వాని వెంట నాటుబాంబుల సంచి మోసిన అనుచరునికి లాభమేమి? వాని తండ్రియో అన్నయో లోగడ చంపబడియుండును. ఊరు వానిని ఫలానావాని కొడుకని పిలుచును. ఆ పిలుపునందే ఒక యాజ్ఞ యున్నది. నాయకుని లోభమునకు కావలసిన చేతులను ఆ పిలుపు సిద్ధము చేసిపెట్టుచున్నది. మన సినిమాయును ఈ పనికి యథాశక్తి సాయపడినది. 1999లో వచ్చిన 'సమరసింహారెడ్డి' మొదలుకొని తండ్రిచావునకు బదులు తీర్చుకొను కొడుకునకు ఈలలు వేయుట తెలుగుదేశమంతయు నేర్చుకొన్నది. గోదావరి జిల్లాలలో సీమవాడనగానే కత్తి చూచుట అప్పటినుండియే హెచ్చినది. పగ నాపుటయే కథానాయకుని పనిగా 'అరవింద సమేత వీర రాఘవ' వచ్చునప్పటికి 2018. ఆ సినిమాలోను తలలు తెగకపోలేదనుట వేఱుమాట.

సీమవారి రక్తమే యట్టిదను మాటను నేను అంగీకరింపను. బిడ్డ నింటిలో కొట్టిరి గనుక వాడు నేరస్థుడగుననుట యెంత తప్పో, ఆ గడ్డపై పుట్టినాడు గనుక కత్తిపట్టుననుట అంతే తప్పు. మొదటిది మనిషిని గాయమునకు కట్టివైచును, రెండవది మట్టికి కట్టివైచును. గాయపడినవానిని ఆ గాయము తగిలిన తరువాతి నెలలలో ఎవరు పలుకరించిరి, ఏమి కోరిరి యను విచారణను రెండును తప్పించుకొనును.

చట్టము ఆ నెలలలో ఎక్కడ నున్నది? హత్య జరిగిన మరుక్షణమునుండి ప్రభుత్వమునకు ముద్దాయిపై గల శ్రద్ధ అపారము. అరెస్టు, రిమాండు, ఛార్జిషీటు, విచారణ. చనిపోయినవాని యింటికి పోవువారు పంచనామా వ్రాయువారు, పత్రికలవారు, ఆ పిమ్మట రాత్రిపూట వచ్చు నాయకుని మనుష్యులు. ఆ మనుష్యులు రిక్తహస్తములతో రారు. కర్మకాండకు డబ్బు తెత్తురు, పిల్లల చదువు చూచుకొందుమందురు, ప్రతిగా కోరవలసినది పిదప కోరుదురు. కొసొవోలో విద్యార్థులు ఏ గుమ్మము దాటి లోనికి పోయిరో, మన యూళ్లలో ఆ గుమ్మమును మొదట దాటువారు వీరు.

దీనికి సంపూర్ణపరిష్కారము నావద్ద లేదు. చిన్నపని యొకటి మాత్రము చట్టమే చూపుచున్నది. నష్టపడినవారికిని, వారి యాశ్రితులకును పరిహారమిచ్చు పథకమును ప్రతిరాష్ట్రమును ఏర్పఱుపవలెనని క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 357ఎ సెక్షన్ 2009 చివరనుండి అమలులోనికి వచ్చినది. ముద్దాయి దొరకకున్నను, విచారణయే జరుగకున్నను బాధితుడు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు అర్జీ పెట్టుకొనవచ్చును. ఆ సంస్థ రెండునెలలలో విచారణ ముగించి పరిహారము నిర్ణయింపవలెను. భారతీయ నాగరిక సురక్షా సంహిత వచ్చిన తరువాతను ఈ యేర్పాటు 396వ సెక్షనుగా నిలిచియున్నది. ఈ సభలో జూనియర్ న్యాయవాదులు చాలమంది యున్నారు. మీ మండలమున హత్య జరిగినదని విన్నపుడు, ముద్దాయి వకాలతు ఎవరికి వచ్చునోయని విచారించుటకు ముందుగా, దినవారములు ముగియకమునుపే ఒక్కరైనను ఆ యర్జీకాగితముతో చనిపోయినవాని యింటికి పోవుడనియు, ఆ యింటి పెద్దకొడుకుతో కూర్చుండి దానిని నింపి సంతకము చేయించి, న్యాయసేవాధికార సంస్థలో దాఖలుచేసి రండనియు మిమ్ము ప్రార్థించుచున్నాను.